స్వతంత్రుడు, స్వైరి ఒకటేనా?

ప్రశ్న: స్వతంత్ర, స్వేచ్ఛ, స్వైరం మూడూ ఒకే అర్థంలో వాడొచ్చా? మా తాతగారు రంగా గారి స్వతంత్ర పార్టీ మనిషి. రైతు మీద సర్కారు పెత్తనం వద్దన్న ఆ పార్టీలోనే మద్యనిషేధం కావాలనే పెద్దలూ ఉండేవారట. ఆ పేరులో ఈ రెండూ ఎలా ఇమిడాయి?

జవాబు: సంస్కృత నిఘంటువు అమరకోశంలో ‘స్వతంత్రోఽపావృతః స్వైరీ స్వచ్ఛందో నిరవగ్రహః’ అని స్వతంత్రుడు, స్వైరి ఒకే వరసలో ఉన్నారండి. వ్యాకరణకర్త పాణిని ఇంకా గౌరవంగా వాడాడు: ‘స్వతంత్రః కర్తా’. పని ఎవరి చేతిలో ఉందో వారే కర్త. కానీ స్త్రీలింగానికి వచ్చేసరికి అదే అమరకోశం ‘స్వైరిణి’ని కులట (చెడునడత గల స్త్రీ) పక్కన కూర్చోబెట్టింది. మనువు సరేసరి, ‘న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి’ (9.3) అన్నాడు. మగవాడికి మర్యాద అయిన మాట ఆడదానికి తిట్టయింది. ఇక స్వైరవిహారం అంటే ఇప్పుడు పేపర్లలో వీధికుక్కలదే.

పార్టీ సంగతి. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సహకార సేద్యానికి, అంటే రైతుల పొలాలు కలిపి ఉమ్మడిగా సాగు చేయడానికి, తీర్మానం చేసింది. భూమి రైతు చెయ్యి దాటిపోతుందని నిడుబ్రోలు రంగా గారు, ప్రతిదానికీ సర్కారు అనుమతి కావాలనే పాలనను ‘పర్మిట్-లైసెన్స్ రాజ్యం’ అని ఎండగట్టిన రాజాజీ, బొంబాయి నుంచి మీనూ మసానీ ఆ ఏడే స్వతంత్ర పార్టీ అనే ఒక గొడుగు కిందికి వచ్చారు. పొలానికి రైతే కర్త అన్నంత వరకు వాళ్లలో పేచీ లేదు. మనిషి నడవడి దగ్గరే దారులు వేరు. రాజాజీ మద్రాసు ప్రభుత్వాధినేతగా 1937లోనే సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. 1971లో తమిళనాడు ప్రభుత్వం నిషేధం ఎత్తేయబోతుంటే 92 ఏళ్ల వయసులో ముఖ్యమంత్రి కరుణానిధి ఇంటికి వెళ్లి వద్దని బతిమాలారు. మసానీ అయితే, స్వతంత్ర పార్టీ పోయాక, 1981లో, గౌరవంగా మరణించే హక్కు కోసం బొంబాయిలో సంఘం పెట్టారు. ప్రాణం నాది, నిర్ణయమూ నాదే అనే దాకా వెళ్లిన మనిషి ఆయన. రాజాజీకి ధర్మం కట్టుబాటు లేని స్వాతంత్ర్యం సగమే.

పార్టీ 21 సూత్రాల్లో చివరిది, మూలసూత్రాల్లోకి రాని విషయాల్లో ఎవరి అభిప్రాయం వారిదేనంది. దానివల్లే కలిసి నడిచారు. నా మటుకు నాకు అది తగవును తీర్చడం కాదు, పక్కన పెట్టడం. ప్రభుత్వం పొలంలోకి రాకూడదని, గ్లాసు దగ్గరికి మాత్రం రావాలంటే ‘స్వతంత్ర’ అన్న పేరు నిలబడదు.

ఈ చర్చలో ఒక సభ్యురాలు: ఒప్పుకోనండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించింది ధర్మశాస్త్రం చదివి కాదు. కూలి డబ్బు ఇంటికి రావాలి, ఒంటి మీద దెబ్బ పడకూడదు, అంతే. తాగేవాడి స్వేచ్ఛ లెక్కేస్తున్నారు, ఆ ఇంట్లో దెబ్బలు తినేదాని స్వాతంత్ర్యం ఎవరు లెక్కేస్తారు? నిషేధం అడిగిన ప్రతివాళ్లనీ ఛాందసుల్లో కలిపేయకండి.

జవాబు: అమ్మా, ఈ మాట తోసేయలేను. దూబగుంటలో మనువు అర్హత లేదన్నవాళ్లే పాణిని చెప్పిన కర్తలయ్యారు. దుకాణం మూతపడింది వాళ్ల చేతుల మీదుగా. గ్లాసు గురించి నేనన్నది ఆ ఇంటి గడప దగ్గర నిలవదు, అక్కడ కాపాడాల్సింది ఆమెనే. అయితే 1995లో రాష్ట్రమంతా సంపూర్ణ నిషేధం వచ్చినప్పుడు పని ప్రభుత్వం చేతికి వెళ్లింది, 1997లో అదే ప్రభుత్వం సడలించింది. కర్త మారినచోట స్వాతంత్ర్యం ఎవరిదో మళ్లీ అడగాలి. సేలంలో రాజాజీ పెట్టిన నిషేధాన్నీ నేను ఇలాగే అడుగుతాను.