అప్‌డేట్: కుండీలో పొట్టి దేవగన్నేరు సంగతి

పడమటి బాల్కనీలో 14 అంగుళాల కుండీకి సరిపోయే, చిన్న ఆకుల దేవగన్నేరు ఏదని పోయినేడాది అడిగాను కదా. ఎక్కువమంది డ్వార్ఫ్ (పొట్టి) రకమైన సింగపూర్ పింక్ అన్నారు. నేను వింటేనా!

దగ్గర్లోని నర్సరీలో "ఇది కూడా డ్వార్ఫే సార్" అంటే నమ్మి ఒకటి తెచ్చాను. ఆకు చివర నాగుపాము పడగలా విప్పారి ఉంది. అది పుడికా అనే వేరే రకం దేవగన్నేరు అని తర్వాత తెలిసింది. తెల్లటి పూలు గుత్తులుగా బాగానే పూసింది, కానీ నాలుగు నెలల్లో రెయిలింగ్ దాటేసింది. ఇప్పుడు మా అత్తయ్యగారి పెరట్లో హాయిగా ఉంది.

ఆ తర్వాత అసలు సింగపూర్ పింక్ కొమ్మ దొరికింది. కోసిన చోట పాలు ఆరేదాకా వారం రోజులు నీడలో ఉంచి, ఇసుక బాగా కలిపిన మట్టిలో నాటాను. ఆకులు జానెడు కూడా లేవు, కొమ్మలు కుదురుగా, దగ్గరదగ్గరగా వచ్చాయి. చలికాలంలోనూ ఆకు పూర్తిగా రాలలేదు.

వానల్లో మాత్రం టెన్షన్ పెట్టింది. కుండీ కింద నీళ్లు నిలిచే ప్లేటు తీయడం మర్చిపోయాను. ఒక కొమ్మ మొదలు దగ్గర నొక్కితే కుళ్లి మెత్తగా దిగబడింది. లోపల తెల్లగా కనిపించేదాకా కోసేసి పసుపు అద్దాను. పసుపు వల్లో, నీళ్లు ఆపడం వల్లో, బతికింది. నా ఓటు నీళ్లు ఆపడానికే.

నిన్న మొదటి గుత్తి విచ్చింది. రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్ద పూలు, లేత గులాబీ రంగు.