డీజిల్ పెరిగినంతగా కిరాయి పెరగడం లేదు: పలాస–విశాఖ మధ్య పికప్ నడిపేవారు ఎలా నెట్టుకొస్తున్నారు?

ఉద్దానం పికప్ (పలాస) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది పలాస పక్కన ఒక పల్లె. 2021 మొదట్లో ఫైనాన్స్ మీద డీజిల్ పికప్ ఒకటి కొనుక్కుని, అప్పటి నుంచి నేనే నడుపుకుంటున్నాను. పలాస, కాశీబుగ్గల్లోని జీడి ఫ్యాక్టరీల నుంచి పప్పు టిన్నులు విశాఖపట్నం చేర్చడం నా ప్రధానమైన పని. నెలకు పది ట్రిప్పుల వరకు అవుతాయి. మిగతా రోజుల్లో కవిటి, కంచిలి, సోంపేట వైపు తోటల నుంచి కొబ్బరికాయలు, సీజనులో జీడి పిక్కల బస్తాలు దగ్గర దూరాలకు తోలుతుంటాను.

నేను విశాఖ కిరాయి కుదుర్చుకున్న ఏడాదే డీజిల్ ఎక్కుతూ పోయి, అక్టోబరు వచ్చేసరికి మన రాష్ట్రంలో లీటరు వంద రూపాయలు దాటింది. ఆ నవంబరులో కేంద్రం ఎక్సైజు సుంకం 10 రూపాయలు, 2022 మే నెలలో మరో 6 రూపాయలు తగ్గించినా, నేను బండి కొన్ననాటి ధర మాత్రం మళ్లీ కనబడలేదు. ఇన్నేళ్లలో నా కిరాయి ఒక్కసారే, అదీ ఐదు వందలే పెరిగింది. ఇప్పుడు ట్రిప్పుకు 6,500 ఇస్తున్నారు. పెంచమని అడిగితే, స్టాండులో నీది ఒక్కటేనా బండి అంటారు. ఆ మాట తప్పని నేను అనలేను, ఎందుకంటే నిజంగానే నాలుగైదు బండ్లు ఖాళీగా నిలబడి ఉంటాయి.

రానూ పోనూ సుమారు 380 కిలోమీటర్లు. లోడుతో వెళ్లేటప్పుడు లీటరుకు 11, ఖాళీగా వచ్చేటప్పుడు 14 ఇస్తుందని నా అంచనా. టోలు, భోజనం, డీజిల్ పోగా చేతికొచ్చిన దానిలో వాయిదా కట్టి, ఇన్సూరెన్సుకీ ఎఫ్.సి.కీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) తీసిపెట్టి, టైర్లు మార్చే నెల వచ్చిందంటే ఇంట్లో సరుకులకు అప్పు చేయవలసి వస్తోంది. పిల్లల ఫీజుల గడువు, టైర్ల గడువు ఒకే నెలలో వస్తే ఏది ముందు కట్టాలో తెలియడం లేదు.

నేను అడగదలచుకున్నవి మూడు. కిరాయి పెంచమని ఎలా అడిగితే వ్యాపారి వింటాడు? ఒడిశా వైపు డీజిల్ తక్కువ కాబట్టి ఇచ్ఛాపురం దాటి వెళ్లి ట్యాంకు నింపుకుని వస్తే గిట్టుబాటవుతుందా? ఈ బండి అమ్మేసి సీఎన్‌జీ బండి తీసుకోవడం మంచిదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

వంశధార గట్టు (నరసన్నపేట)

బాబూ, నేను 1998 నుంచి ఈ రోడ్డు మీదే ఉన్నాను. మొదట ఒకరి దగ్గర డ్రైవరుగా చేసి, తర్వాత సొంతంగా రెండు బండ్లు పెట్టుకున్నాను. మీ ప్రశ్న చదివాక ముందుగా మీ అంకెలతోనే ఒక లెక్క వేశాను, అది చూడండి.

వెళ్లేటప్పుడు 190 కిలోమీటర్లకు 17 లీటర్ల పైన, వచ్చేటప్పుడు పదమూడున్నర లీటర్లు, మొత్తం 31 లీటర్లు. సులువుగా ఉండడానికి లీటరు వంద రూపాయలే అనుకుందాం. రేపు డీజిల్ ఐదు రూపాయలు పెరిగినా మీ ట్రిప్పు మీద పడేది 155 రూపాయలు. అదే విశాఖ నుంచి ఖాళీగా తిరిగి రావడానికి మీరు ప్రతిసారీ కాలుస్తున్నది 1,350 రూపాయలు. ధర పెరిగిన రోజున మనకు కడుపు మండుతుంది గాని, ఖాళీగా తిరిగే కిలోమీటర్ల మీద మాత్రం ఏనాడూ కోపం రాదు. నాకూ చాలా ఏళ్లు రాలేదు. నెలకు పది ట్రిప్పుల్లో నాలుగింటికి తిరుగు కిరాయి దొరికినా, ఆ నాలుగు దారుల డీజిలూ మీ జేబులోంచి పోదు.

తిరుగు కిరాయి అంటే పలాస దాకానే ఉండాలని పట్టుబట్టకండి. విశాఖ పూర్ణా మార్కెట్ నుంచి శ్రీకాకుళానికి కిరాణా సరుకు దొరికినా దారిలో సగానికి పైగా లోడుతో వచ్చినట్టే. నరసన్నపేట, టెక్కలి షాపులకు ప్లైవుడ్, శానిటరీ సామాను, పెయింటు డబ్బాలు తరచుగా వస్తుంటాయి. దీనికోసం ఒక పూట ఆగవలసి వస్తే ఆగండి, కాని ఆ పూట ఖరీదు కూడా లెక్కలో రాసుకోండి. మర్నాడు ఉదయం పలాసలో ఖాయమైన లోడు ఉంటే మాత్రం ఆగడం నష్టమే.

ఇక కిరాయి సంగతి. లోడు ఎక్కించే రోజున, హమాలీలు టిన్నులు పేరుస్తుండగా అడిగితే ఏ వ్యాపారీ వినడు. నెలాఖరున తీరికగా ఉన్నప్పుడు వెళ్లి, ఒక కాగితం మీద ఐదే వాక్యాలు రాసి ఇవ్వండి: ఈ ట్రిప్పుకు 31 లీటర్లు పడుతుంది, ఈ రోజు బంకు ధర ఇంత, దానికి కిరాయి ఇంత, లీటరుకు రూపాయి పెరిగితే ట్రిప్పుకు 31 రూపాయలు కలపాలి, రూపాయి తగ్గితే 31 రూపాయలు నేనే తగ్గించి తీసుకుంటాను. ఆ చివరి వాక్యం తప్పకుండా రాయండి. తగ్గించుకుంటానని మీరు ముందుగా రాసి ఇస్తే, పెంచమన్నది అత్యాశతో కాదని ఆయనకు అర్థమవుతుంది. 2017 జూన్ 16 నుంచి ధరలు రోజూ మార్చే పద్ధతి వచ్చింది కాబట్టి రోజువారీ గొడవ పెట్టుకోకుండా, ప్రతి నెలా ఒకటో తేదీ బంకు ధరనే ఆ నెలంతటికీ లెక్కగా తీసుకోండి. నేను ఇద్దరు వ్యాపారులతో ఈ పద్ధతిలోనే నడుస్తున్నాను. ఒకాయన ఒప్పుకోవడానికి ఏడు నెలలు పట్టింది.

టోలు గురించి ఒక మాట. జాతీయ రహదారి టోలు ప్లాజా ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లాలోనే రిజిస్టరై, నేషనల్ పర్మిట్ లేని వాణిజ్య వాహనానికి సగం రుసుము రాయితీ నిబంధనల్లో ఉంది. మీ బండి శ్రీకాకుళం రిజిస్ట్రేషన్ అయితే మడపాం ప్లాజాలో ఆర్.సి. చూపించి అడగండి. షరతులు ఉంటాయి, అక్కడే కనుక్కోవాలి. నాతవలస ప్లాజా విజయనగరం జిల్లాలోది కాబట్టి అక్కడ వర్తించదు. అయితే 24 గంటల్లోపు తిరిగి వచ్చేటట్టయితే రానూ పోనూ కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లే పడుతుంది. విశాఖలో ఆగే పూటను లెక్క కట్టేటప్పుడు దీన్నీ చూసుకోండి. 2025 ఆగస్టులో వచ్చిన మూడు వేల రూపాయల వార్షిక పాస్ సొంత అవసరాల కార్లు, జీపులు, వ్యాన్లకే గాని మన సరుకు బండ్లకు కాదు. దాని పేరు చెప్పి డబ్బు అడిగేవారిని నమ్మకండి.

ఇచ్ఛాపురం రోడ్డు

ఒడిశా డీజిల్ గురించి నేను చెబుతాను, మా ఊరు సరిహద్దులోనే ఉంది. పలాస నుంచి ఇక్కడికి ఒకవైపే సుమారు యాభై కిలోమీటర్లు. లీటరుకు ఐదు రూపాయల తేడా ఉందనుకున్నా, యాభై లీటర్లు నింపితే మిగిలేది 250 రూపాయలు. అందుకోసం వంద కిలోమీటర్లు తిరిగితే ఏడు లీటర్ల పైనే కాలుతుంది. బరంపురం వైపో, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వైపో లోడు ఉన్న రోజున తప్పకుండా అక్కడే నింపుకోండి, లేనినాడు ఆ ఆలోచనే వద్దు. క్యాన్లలో తెచ్చి ఇంట్లో నిలవ పెట్టుకునేవారిని చూశాను, పిల్లలు తిరిగే ఇంట్లో అది ప్రమాదం. రోడ్డు పక్కన బయోడీజిల్ అని చవకగా అమ్మే సరుకు పోయించుకుని మా బంధువు ఒకాయన ఇంజెక్టర్లు పాడుచేసుకున్నాడు. ఏడాదిలో మిగిల్చినది ఆ ఒక్క రిపేరుకే సరిపోలేదు.

సాలూరు ఘాటు

నేను విజయనగరం నుంచి సాలూరు మీదుగా కొరాపుట్ వైపు కూరగాయలు, సిమెంటు తోలుతాను. నరసన్నపేట పెద్దాయన చెప్పిన కిరాయి లెక్కతో నేను ఏకీభవిస్తున్నాను. కాని మీరు 11, 14 అని అంచనాతో రాశారు. అంచనా కాగితం మీద పెడితే వ్యాపారి ఒక్క ప్రశ్నతో కొట్టేస్తాడు. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర ట్యాంకు నిండా పోయించి, మీటరు రాసుకుని, తిరిగి వచ్చాక మళ్లీ అక్కడే నిండా పోయించండి. రెండోసారి పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగిస్తే అసలు సంగతి తేలుతుంది. ఇలా నాలుగు ట్రిప్పులు చూడాలి, ఒక్కసారి చూసినది చాలదు. బంకు మీద అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమని అడిగే హక్కు మీకుంది. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తేడా ఉండకూడదు.

ఘాటు దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తే డీజిల్ మిగులుతుందని మా లైనులో ఇప్పటికీ చాలామంది నమ్ముతున్నారు. ఇది పాత ఇంజన్ల కాలం నుంచి వచ్చిన అలవాటు. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో గేరు వేసి ఉంచి యాక్సిలరేటరు మీద కాలు తీసేస్తే, ఇంజెక్టర్లకు డీజిల్ దాదాపు ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి. న్యూట్రల్ వేస్తే ఇంజన్ ఆగకుండా తిరగడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది, పైగా బరువంతా బ్రేకుల మీద పడుతుంది. సాలూరు ఘాటులో బ్రేకులు వేడెక్కి పట్టు తప్పిన బండ్లను నా కళ్లతో చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ఎక్కిన గేరులోనే దిగమన్న పెద్దల మాట డీజిల్ విషయంలోనూ సరైనదే.

మీది చదునైన హైవే కాబట్టి మీకు ఎక్కువగా పనికొచ్చేవి వేగం, గాలి. ఎనభైలో పోయే బండిని యాభై ఐదు, అరవైకి తగ్గిస్తే విశాఖ చేరడానికి ముప్పావుగంటో, గంటో ఎక్కువ పడుతుందేమో గాని లీటరుకు ఒక కిలోమీటరుకు పైగా తేడా నా బండిలో కనబడింది. టార్పాలిన్ వదులుగా కొట్టుకుంటుంటే గాలి అడ్డుపడి ఇంకా లాగుతుంది, తాడు బిగించి కట్టండి. టైర్లలో గాలి ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి, పరుగెత్తి వేడెక్కిన టైరు ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. తోటల్లో మట్టిదారుల్లో తిరిగే బండి కాబట్టి ఎయిర్ ఫిల్టరు కంపెనీ చెప్పిన గడువు దాకా ఆగకుండా ముందే చూసుకోండి. ఫ్యాక్టరీ గేటు దగ్గర వరుసలో నిలబడినప్పుడు ఇంజన్ ఆపేయండి.

సీఎన్‌జీ విషయంలో తొందర వద్దు. టౌనులో తిరిగే చిన్న బండికి అది బాగుంటుంది. మీకు ట్రిప్పుకు దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దారి ఉంది. ఆ దారిలో గ్యాసు బంకులు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎంతసేపు వరుసలో నిలబడాలో స్వయంగా చూడకుండా నిర్ణయం తీసుకోకండి. సిలిండర్ల బరువూ మీ లోడులోంచే తగ్గుతుంది. వాయిదాలు తీరాక ఈ బండినే నాలుగేళ్లు చక్కగా నడుపుకోవడం కొత్త అప్పు కన్నా మేలు.

పలాస పప్పు

నేను జీడిపప్పు వ్యాపారిని. మా వైపు మాట కూడా ఒకటి చెప్పాలి. డ్రైవర్లు కిరాయి పెంచమని అడిగినప్పుడు మేము కాదనడానికి పిసినారితనం ఒక్కటే కారణం కాదు. మేము నెల ముందే విశాఖ పార్టీకి ధర చెప్పేసి ఉంటాము, మధ్యలో పెరిగిన కిరాయిని ఆయన దగ్గర రాబట్టలేము. డీజిల్ జీఎస్టీలో లేదు కాబట్టి దాని మీద కట్టిన పన్ను మాకు గాని మీకు గాని వెనక్కి రాదు. మన రాష్ట్రంలో 22.25 శాతం వ్యాట్, లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఒక రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. శాతం లెక్కన వేసే పన్ను కాబట్టి అసలు ధర పెరిగినప్పుడు పన్నూ దానితో పెరుగుతుంది. ఆ భారమంతా బండివాడే మోయాలనడం న్యాయం కాదని నేను ఒప్పుకుంటాను.

నరసన్నపేట పెద్దాయన చెప్పిన కాగితం నా దగ్గరికి ఎవరైనా తెస్తే నేను సంతకం పెడతాను, ఎందుకంటే వచ్చే నెల కిరాయి ఎంతో నాకు ముందే తెలుస్తుంది. నాకు తడవని టిన్ను, చెప్పిన వేళకు చేరే బండి ముఖ్యం. అవి ఇచ్చే మనిషిని ఐదు వందల కోసం వదులుకుని స్టాండులో కొత్త బండి వెతుక్కున్న రోజున నాకే నష్టం జరిగింది. ఇంకొక మాట: విశాఖ నుంచి ప్యాకింగు అట్టపెట్టెలు, ఖాళీ టిన్నులు తెప్పించుకునే ఫ్యాక్టరీలు పలాసలో ఉన్నాయి. మీరు మీ వ్యాపారినే అడిగి చూశారా?

ఉద్దానం పికప్ (పలాస)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇరవై రోజులు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే చెప్పినవి చేసి చూడకుండా జవాబు రాయడం బాగుండదనిపించింది.

నాలుగు ట్రిప్పులు ట్యాంకు నింపి లెక్క చూశాను. లోడుతో 11 అనుకున్నది పదిన్నరే వచ్చింది. ముందు ఎడమ టైరులో గాలి తక్కువగా ఉంటోందని అప్పుడే తెలిసింది, వాల్వు మార్పించాను. ఆ తర్వాత అరవై దాటకుండా నడిపిన రెండు ట్రిప్పుల్లో పదకొండుంపావు వచ్చింది. అట్టపెట్టెల సంగతి నాకు తట్టనే లేదు. ఇన్నేళ్లుగా నేను టిన్నులు ఎక్కించుకునే ఫ్యాక్టరీకే వారానికి ఒక లోడు పెట్టెలు విశాఖ నుంచి వేరే బండిలో వస్తున్నాయట. వచ్చే వారం నుంచి ఆ లోడు నాకే ఇస్తామన్నారు, తిరుగు కిరాయి 2,200కు కుదిరింది.

కాగితం ఇద్దరు వ్యాపారులకూ ఇచ్చాను. ఒకాయన చదివి, తగ్గినప్పుడు తగ్గిస్తావా అని రెండుసార్లు అడిగి, ఒప్పుకున్నారు. రెండో ఆయన ఆ కాగితాన్ని డ్రాయరులో పెట్టుకున్నారు, ఒకటో తేదీన మళ్లీ వెళతాను. మడపాంలో ఆర్.సి. చూపించాను, దరఖాస్తు తీసుకున్నారు, ఇంకా జవాబు రాలేదు.

విశాఖలో గురువారాలు నా బండి మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఖాళీ అవుతుంది. శ్రీకాకుళం, టెక్కలి వైపు సరుకు పంపేవారు ఎవరికైనా తెలిసి ఉంటే దయచేసి ఇక్కడ రాయండి.