సింక్ కింద వేస్ట్ పైపు కారుతోంది: వాషర్ మారిస్తే సరిపోతుందా, పైపు మొత్తం మార్చాలా?

మోతీనగర్_304

అందరికీ నమస్కారం. మాది స్టీల్ సింక్, ఒకటే గిన్నె, గ్రానైట్ గట్టు. కింద బూడిదరంగు ముడతల ఫ్లెక్సిబుల్ పైపు ఉంది. అది మూలన నేలలోంచి పైకి లేచిన పీవీసీ పైపులోకి దూరి ఉంటుంది. అంట్లు తోమినప్పుడల్లా కబోర్డు అడుగు తడుస్తోంది. నట్టు చుట్టూ ఎంసీల్ పెట్టించాం, కొన్నాళ్ళకే మళ్ళీ మొదలైంది. అప్పుడప్పుడు మోరీ వాసన కూడా వస్తోంది. ఇంట్లో రోజూ గంజి వారుస్తారు, అది సింక్‌లోనే పోస్తారు. నేనే బాగుచేసుకోవాలంటే ఏం కొనాలి, ఏ సైజు, ఏ వరసలో విప్పాలి? సాల్వెంట్ (పీవీసీ పైపులు అతికించే జిగురు) పూస్తే ఆగుతుందా?

పానా_పట్టకారు

ముందు ఏమీ కొనకండి. తడి కనబడిన చోటే కారుతోందని అనుకోవద్దు. పైన జాలీ దగ్గర పుట్టిన చుక్క పైపు ముడతల వెంబడే జారుకుంటూ వచ్చి కింద వంపు దగ్గర రాలుతుంది. చూసేవాళ్ళు పైపుకి చిల్లు పడిందనుకుంటారు. ఇలా పొరపడి కొత్త పైపు వేసుకున్నా కారుతూనే ఉంటుంది.

కబోర్డు ఖాళీ చేసి పైపు, నట్టు, సింక్ అడుగు అన్నీ పొడిబట్టతో తుడవండి. కింద న్యూస్‌పేపర్ పరవండి. నాలుగు చోట్ల టిష్యూ కాగితం చుట్టండి: సింక్ అడుగున కప్లింగ్ (జాలీ కింద సింక్‌కి బిగించే గొట్టపు ముక్క) అంచు, దాని కింది కొసకి, అంటే తోకకి, పైపు నట్టు బిగిసే చోటు, పైపు వంపు, నేల పైపులోకి దూరే చోటు. ఇప్పుడు జాలీ మూత వేసి సింక్ సగం నింపి ఒక పావుగంట వదిలేయండి. మూత లేకపోతే తడిబట్టని ప్లాస్టిక్ కవర్లో చుట్టి గట్టిగా నొక్కినా సరిపోతుంది. ఈలోపు పై టిష్యూ తడిసిందంటే సింక్‌కీ కప్లింగ్‌కీ మధ్యనున్న వాషర్ పోయింది, పైపు జోలికి వెళ్ళే పనే లేదు. తడవకపోతే మూత తీసి నీళ్ళన్నీ ఒక్కసారిగా వదలండి. నల్లా సన్నగా తిప్పి చూస్తే చాలా లీకులు బయటపడవు, పైపు నిండుగా పారాలి. ఏ కాగితం ముందు తడిసిందో అదే చోటు.

ఇంకో రెండు సంగతులు. ఎవరూ సింక్ వాడని వేళ కూడా తడి వస్తుంటే అది వేస్ట్ పైపు కాదు, యాంగిల్ కాక్ (గోడకుండే చిన్న కుళాయి) నుంచి నల్లాకి వెళ్ళే కనెక్షన్ పైపు. అందులో ఎప్పుడూ ప్రెషర్ ఉంటుంది కాబట్టి కాక్ కట్టేశాకే ముట్టుకోండి. అలాగే నేల పైపు మూతిలోంచి నీళ్ళు పైకి ఉబుకుతుంటే అది లీకు కాదు, ముందుకెక్కడో అడ్డం పడింది. అలాంటప్పుడు ఆ మూతిని బిగించి మూసేస్తే నీళ్ళు సింక్‌లోకే ఎగదన్నుతాయి.

సాల్వెంట్ వద్దు. అది గట్టి పీవీసీ పైపునీ సాకెట్‌నీ పైపైన కరిగించి ఒకటి చేస్తుంది. ముడతల పైపుకి ఆనే చోటు చాలదు, పైగా వీటిలో చాలావరకు పీవీసీ కాని ప్లాస్టిక్‌తో చేసినవి, వాటికి అసలు పట్టదు. ఎంసీల్ నిలవకపోవడానికి కారణం వేరు. అది ఆరాక రాయిలా బిగుసుకుంటుంది, ప్లాస్టిక్ నట్టు మాత్రం గంజి వేడికి సాగి చల్లారాక ముడుచుకుంటుంది. రోజూ ఇదే జరుగుతుంటే అంచున సన్నటి చీలిక వస్తుంది. జిడ్డు, తడి ఉన్న చోట పూస్తే మొదటి రోజే అతకదు.

మోతీనగర్_304

మీరు చెప్పినట్టే చేశాను. మూత వేసి ఉంచితే చుక్క లేదు. వదలగానే నట్టు దగ్గర కాగితం తడిసింది. వంపు దగ్గర కూడా ఒక ముడతలో సన్నటి గీతలా ఉంది, నొక్కితే అక్కడ నీళ్ళు ఊరుతున్నాయి. సింక్‌లోకి ఎగదన్నడం లేదు.

పానా_పట్టకారు

అయితే పైపూ వాషరూ రెండూ మార్చండి. ముడతలో గీత వచ్చాక ఏ టేపు చుట్టినా నిలబడదు.

కిచెన్ సింక్‌కి 40 మి.మీ. పైపు కావాలి, షాపులో ఇంచిన్నర అంటే ఇస్తారు. 32 మి.మీ., అంటే ఇంచుంపావు, వాష్‌బేసిన్‌ది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి పాత నట్టు చేత్తో పట్టుకెళ్ళండి. పొడవు 24, 30, 36 అంగుళాల్లో దొరుకుతాయి. పాత పైపుని కొలవొద్దు, అది సాగి ఉంటుంది. కప్లింగ్ తోక నుంచి నేల పైపు మూతి దాకా దారం పెట్టి కొలిచి, లోపలికి దూరడానికి రెండంగుళాలు, వంపు కావాలంటే ఇంకో ఆరేడు అంగుళాలు కలుపుకోండి. చేత్తో నొక్కితే వెంటనే చొట్టబడే పలచటి రకం తీసుకోకండి. పైపుతో వాషర్ వస్తుంది, అయినా మెత్తటి నల్ల రబ్బరు వాషర్ ఇంకొకటి విడిగా తీసుకోండి. ఇంకా నేల పైపు మూతి దగ్గర సందు మూయడానికి రబ్బరు బుష్ కావాలి. మీ నేల పైపు 50 మి.మీ.నా 75 మి.మీ.నా కొలిచి మరీ అడగండి. ఇవన్నీ పేటలో ఏ శానిటరీ షాపులోనైనా ఉంటాయి, వీటికోసం ట్రూప్‌బజార్ దాకా పోనక్కర్లేదు.

విప్పే ముందు కింద వెడల్పాటి బేసిన్ పెట్టండి, పైపులో మురికినీళ్ళు నిలిచి ఉంటాయి. ఈమధ్య సింక్‌లో డ్రెయిన్ పొడి ఏదైనా పోసి ఉంటే గ్లవుజులు, కళ్ళద్దాలు లేకుండా విప్పకండి, అందులో కాస్టిక్ సోడా ఉంటుంది. పాత ఎంసీల్‌ని సన్నటి ఉలితో చిన్న చిన్న పెళ్ళలుగా లేపండి, సుత్తితో బాదితే కప్లింగ్ వంకరపోతుంది. నట్టు బిగుసుకుపోతే, బోరు నీళ్ళ ఉప్పు పేరుకున్నా ఇలాగే అవుతుంది, వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి అరగంట ఆగండి. పాత నట్టు ఎలాగూ పారేసేదే, అంతకీ రాకపోతే హ్యాక్సా బ్లేడుతో నిలువునా కోయండి. కోత కప్లింగ్ థ్రెడ్‌ని తాకకూడదు.

నట్టు వచ్చాక కప్లింగ్ తోక చివరి అంచుని వేలితో తడిమి చూడండి. వాషర్ ఆనేది ఆ అంచుకే. అక్కడ పాత రబ్బరు ముక్క, ఉప్పు, ఎంసీల్ రేణువు ఏది మిగిలినా మళ్ళీ కారుతుంది. పాత టూత్‌బ్రష్‌తో గిన్నెల సబ్బు పెట్టి రుద్ది, ఆరనివ్వండి. తర్వాత వాషర్ నట్టులో సమంగా కూర్చుందో లేదో చూసి పైకి పెట్టండి. మొదట ఒక చుట్టు ఎడమవైపు తిప్పితే థ్రెడ్ సరిగ్గా కూర్చున్న చోట చిన్న టక్ మంటుంది, అక్కడినుంచి కుడివైపు తిప్పండి. చేతి బిగువు చాలు. చివర్లో రబ్బరు గ్లవుజు వేసుకుని ఇంకో పావు చుట్టు, అంతే. పానా పెడితే ప్లాస్టిక్ నట్టు పగులుతుంది, ఆ పగులు ఒక్కోసారి రెండు రోజుల తర్వాతగానీ కనబడదు.

టెఫ్లాన్ టేపు చుట్టక్కర్లేదు. ఇక్కడ నీళ్ళని ఆపేది వాషర్, థ్రెడ్ కాదు. టేపు మందంగా చుట్టితే నట్టు పూర్తిగా పైకి ఎక్కదు, వాషర్ అంచుకి ఆనదు, లీకు అలాగే ఉంటుంది.

గట్టు_కింద

వాసన సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. పైన అన్నది నూటికి నూరుపాళ్ళు సరే, కానీ పైపు తిన్నగా దించేస్తే వాసన పోదు, బొద్దింకలూ ఆగవు. పైపులో ఒకచోట ఎప్పుడూ నీళ్ళు నిలవాలి. ఆ నీటి అడ్డు కనీసం 50 మి.మీ. లోతు ఉండాలి. మోరీ గాలిని ఆపేది అదే. అలా నీళ్ళు నిలిచే భాగాన్నే ట్రాప్ అంటారు.

ముందు మీ నేల పైపు ఎక్కడికి పోతుందో తెలుసుకోండి. చాలా ఫ్లాట్లలో అది యుటిలిటీ బాల్కనీలో ఉన్న నహానీ ట్రాప్‌లోకి, అంటే నేల జాలీ కిందుండే ట్రాప్‌లోకి, దిగుతుంది. సింక్‌లో రంగు నీళ్ళు పోసి, బాల్కనీ జాలీ ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. అక్కడ ట్రాప్ ఉంటే సింక్ కింద ఇంకో ట్రాప్ అక్కర్లేదు. రెండూ ఉంటే మధ్యలో గాలి చిక్కుకుని నీళ్ళు గుడగుడలాడుతూ నెమ్మదిగా పోతాయి. అలాంటి ఇంట్లో వాసన వచ్చేది పైపుకీ నేల మూతికీ మధ్య సందులోంచే, రబ్బరు బుష్ పెడితే ఆగిపోతుంది. నేరుగా నిలువు లైనులోకి (అంతస్తులన్నిటి నుంచీ కిందికి దిగే మోరీ పైపులోకి) పోతుంటే మాత్రం ట్రాప్ తప్పనిసరి.

నా మాటైతే ముడతల పైపునే వంచి ట్రాప్ చేయడం కంటే గట్టి ప్లాస్టిక్ పీ-ట్రాప్ (పీ అక్షరంలా వంగినది) పెట్టుకోండి. ముడతల్లో నూనె, పిండి పేరుకుంటాయి, గట్టి పైపు లోపల నున్నగా ఉంటుంది. బాటిల్ ట్రాప్ (సీసా ఆకారంలో ఉండేది) కిచెన్‌లో వద్దు, అది వాష్‌బేసిన్‌కి సరిపోతుంది. అన్నం మెతుకులు దాని అడుగున దిగి త్వరగా పూడుకుపోతుంది.

పానా_పట్టకారు

పీ-ట్రాప్ మంచిదే, కాదనను. కానీ అది నేలలోంచి లేచిన పైపుకి కాదు, గోడలో ఉన్న పైపుకి సరిగ్గా కుదురుతుంది. వీళ్ళది నేల పైపు. పీ-ట్రాప్ పెట్టాలంటే దాని నోటికి ఒక ఎల్బో (మలుపు ముక్క) వేసి కిందికి దించాలి, కబోర్డులో అంత ఎత్తు ఉండాలి. లేకపోతే ముడతల పైపునే ఎస్ ఆకారంలో వంచి, వంపు విచ్చుకోకుండా కేబుల్ టైతో కట్టండి. నట్టుకి కనీసం నాలుగంగుళాలు దిగువన వంపు మొదలవ్వాలి. నట్టు దగ్గరే మెడ విరిచినట్టు వంచితే వాషర్ ఒకవైపు లేచి కారుతుంది. వంపు దాటాక పైపు ఎక్కడా జోలెలా వేలాడకూడదు, ఆ జోలెలోనే చెత్త పేరుకుంటుంది.

గట్టు_కింద

నేల పైపు విషయం నిజమే, ఎత్తు లేకపోతే మీరన్నట్టే చేయాలి. కానీ ముడతల వంపుని ఆర్నెల్లకోసారైనా విప్పి కడుక్కోవాలి.

బియ్యం_కడుగు

గంజి గురించి నాదో మాట అక్కా, మీరు అక్కో అన్నో తెలియదు, ఏమనుకోవద్దు. మీ పైపు పీవీసీదే అయితే 60 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. వార్చిన గంజి దాదాపు మరుగుతూనే ఉంటుంది. మీ పైపు వంపులో గీత ఎందుకు పడిందంటే ఇదే కారణం అంటాను. గంజి గిన్నెలోకి వార్చి చల్లారాక పోయండి, లేదంటే చన్నీళ్ళ నల్లా ధారగా తిప్పి ఉంచి దాంతోపాటు సన్నగా వదలండి. చల్లారిన గంజి చిక్కగా అంటుకుంటుంది, అది పోశాక కూడా ఓ చెంబెడు నీళ్ళు పోయాలి. వేయించిన నూనె మాత్రం ఎప్పుడూ సింక్‌లో పోయొద్దు.

ఎలుకల బెడద ఉంటే కూడా చూసుకోండి. కొరికిన గాటు ఎక్కువగా నేలకి దగ్గరగా, గరుగ్గా, చిన్న చిన్న పళ్ళ గుర్తులతో ఉంటుంది. వేడికి వచ్చిన చీలిక నున్నగా ముడత వెంబడే పోతుంది. నేల పైపు చుట్టూ పెంకు పగిలి సందు ఉంటే స్టీల్ పీచు కుక్కి పైన సిమెంటు మెత్తండి, ఉత్త సిమెంటు అయితే తొలిచేస్తాయి.

మోతీనగర్_304

చాలా థాంక్స్ అండీ. రంగు నీళ్ళు పోసి చూశాను, బాల్కనీ ట్రాప్‌లోకే వస్తున్నాయి. అంటే వంపు అక్కర్లేదు కదా? నేల పైపు 50 మి.మీ. ఉంది. బుష్ చుట్టూ తెల్ల సిమెంటు పెట్టాలా?

గట్టు_కింద

వంపు వద్దు, తిన్నగా దించండి. అయితే బాల్కనీ ట్రాప్ ఎండిపోకుండా చూసుకోండి. ఊరెళ్ళి వచ్చినప్పుడు రెండు చెంబులు నీళ్ళు పోస్తే చాలు. తెల్ల సిమెంటు వద్దు, మళ్ళీ విప్పాల్సి వస్తే పగలగొట్టాలి. బుష్‌కి లోపలి అంచున సబ్బునీళ్ళు రాసి పైపు దూర్చండి, బిగువుగా ఎక్కుతుంది. ఇంకా సందు కనబడితే సిలికాన్ సన్నగా రాసి 24 గంటలు తడి తగలనివ్వకండి.

పానా_పట్టకారు

అంతా అయ్యాక మొదట చేసిన పరీక్షే మళ్ళీ చేయండి: సింక్ నింపి ఒక్కసారిగా వదలడం, నట్టు దగ్గర పొడి టిష్యూ. మూడు నాలుగు సార్లు నింపి వదిలినా కాగితం పొడిగా ఉంటే కబోర్డు సర్దుకోవచ్చు. నట్టు దగ్గర ఒక్క చుక్క కనబడినా ఇంకా బిగించే ప్రయత్నం చేయకండి. విప్పి వాషర్ తిరగబడిందేమో, మడతపడిందేమో చూడండి, తొంభై శాతం అక్కడే దొరుకుతుంది. మర్నాడు వేడినీళ్ళు వాడాక నట్టుని చేత్తో ఒకసారి తడిమి, వదులైతే కొంచెం బిగించండి. కొత్త రబ్బరు మొదటి వేడికి కాస్త అణుగుతుంది.