నవ్వమంటే వంకర, నవ్వొస్తే తిన్నగా. ఎందుకిలా?

ప్రశ్న:
నాన్నకి మూడు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి కొంచెం కోలుకుంది గానీ మూతి ఇంకా వంకరే. రోజూ పొద్దున అద్దం ముందు కూర్చోబెట్టి "ఏదీ, నవ్వు నాన్నా" అంటాను. కుడి పెదవి ఒక్కటే పైకి పోతుంది. ఆయనకి చిరాకు, నాకు ఏడుపు.

నిన్న మా అయిదేళ్లవాడు తాత కళ్లజోడు పెట్టుకుని, తువ్వాలు పంచెలా చుట్టుకుని, అచ్చం ఆయనలాగే "పేపరువాడు ఇంకా రాలేదా?" అని అరిచాడు. నాన్న నవ్వేశారు. రెండు వైపులా! కళ్ల పక్కన ముడతలతో సహా పాత నవ్వే. వెంటనే "మళ్లీ నవ్వు" అన్నాను. మళ్లీ వంకర.

అంటే ఇన్నాళ్లూ గట్టిగా ప్రయత్నించడం లేదా? ఇలా అనుకున్నందుకు నాకే సిగ్గుగా ఉంది.

జవాబు 1:
ఫిజియోథెరపీ చేస్తుంటాను. ఆయన తప్పేం లేదండి. కావాలని నవ్వేటప్పుడు ఆజ్ఞ మెదడు పైపొరలో కదలికలు చూసుకునే భాగం నుంచి వస్తుంది. దానంతటదే వచ్చే నవ్వుది వేరే దారి. రెండూ కింద ఒకే ముఖనరంలో కలుస్తాయి. మీ నాన్నగారికి మొదటి దారి దెబ్బతింది, రెండోది మిగిలింది. కొందరికి ఇది తిరగబడుతుంది: నవ్వమంటే చక్కగా నవ్వుతారు, జోకుకి మాత్రం మూతి వంకరపోతుంది. అదే బెల్స్ పాల్సీలో (ముఖం ఒక పక్క చచ్చుబడే జబ్బు) అయితే ఆ ముఖనరమే దెబ్బతింటుంది కాబట్టి రెండు నవ్వులూ పోతాయి, ఆ పక్క కన్ను కూడా సరిగ్గా మూతపడదు. అద్దం మానకండి, మనవణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టండి.

జవాబు 2:
ఫ్రాన్సులో డ్యూషెన్ అనే డాక్టరు ముఖానికి స్పర్శ తెలియని ఒక ముసలాయన బుగ్గలకి కరెంటు పెట్టి నవ్వు తెప్పించి, ఫోటోలు తీసి 1862లో పుస్తకం వేశాడు. పెదవి లాగే కండరం మన మాట వింటుంది, కంటి చుట్టూ ఉన్నది నిజమైన సంతోషానికే కదులుతుంది అన్నాడు. పూర్తిగా నిజం కాదులెండి, కళ్లతో సహా నటించేవాళ్లు చాలామందే ఉన్నారు. నాది ఫోటో స్టూడియో. "స్మైల్" అంటే పళ్లు వస్తాయి, అంతే. పెళ్లికొడుకు బావమరిదిని కెమెరా పక్కన నిలబెడితే పని అయిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్స్ అండీ. ఈరోజు వాణ్ణి పక్కన కూర్చోబెట్టాను. నాన్న నవ్వలేదు. "వీడికి నా కళ్లజోడు ఎవరిచ్చారు?" అని కసిరారు.