యాపిల్ మీద పట్టేది ఏ పాకం?

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి)

అందరికీ నమస్కారం. మా ఊళ్లో శనివారాలు తెలుగు బడి నడుపుతాం. పెద్ద పిల్లల తరగతికి ఈసారి వ్యాకరణం పక్కన పెట్టి వంట పాఠం రాస్తున్నాను: ఇంట్లో కాండీ యాపిల్ చేయడం. పుల్ల గుచ్చిన యాపిల్ మీద ఎర్రగా, గాజులా మెరిసే పంచదార పూత ఉంటుందే, అది. హాలోవీన్ రోజుల్లో ఇక్కడ ఎక్కడ చూసినా అవే. ఆ ఎర్ర యాపిల్ పుట్టిన నెవార్క్ కూడా మాకు దగ్గరే. అక్కడ విలియం కోల్బ్ అనే మిఠాయి వ్యాపారి 1908లో క్రిస్మస్ అమ్మకాల కోసం దాల్చినచెక్క ఘాటు వేసిన ఎర్ర మిఠాయి చేస్తూ, ఆ పాకంలో యాపిల్స్ ముంచి షాపు అద్దాల్లో అలంకారంగా పెట్టాడట. జనం మిఠాయి వదిలేసి ఆ యాపిల్సే కావాలన్నారని చెబుతారు.

పాఠం మొత్తం తెలుగులోనే వచ్చింది కానీ ఒక్క చోట చిక్కుపడ్డాను. రెండు కప్పుల పంచదార, అరకప్పు కార్న్ సిరప్, ముప్పావు కప్పు నీళ్లు కలిపి 300 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా, అంటే సుమారు 149 డిగ్రీల సెల్సియస్ దాకా కాచాలి. ఆ దశను ఇక్కడ ‘హార్డ్ క్రాక్’ అంటారు. నేను ‘ముదురు పాకం’ అని రాశాను. మా అత్తగారు చూసి, “ముదురు అంటే పాకం చెడగొట్టమన్నట్టు కదమ్మా” అన్నారు. మీరైతే ఏమంటారు?

జవాబు (తెనాలి)

గట్టి పాకం. దీనికింత టెన్షన్ దేనికండీ?

జవాబు (కరీంనగర్)

మా దిక్కు పల్లీ పట్టీలకు గట్టి పాకమే అంటరు. కానీ అరిసెల పాకాన్ని కూడా గట్టి పాకం అనేవాళ్లు ఉన్నరు. ఆ లెక్కన చూసి యాపిల్ ముంచితే పూత విరగదు, పంటికి అతుక్కుంటది. ఇంకా తేటగా చెప్పే మాట కావాలె.

జవాబు (రాజమండ్రి)

అమ్మాయ్, మీ అత్తగారి మాటే సరైనది. లేత, ముదురు అనేవి పాకంలో దశల పేర్లు కావు. చేస్తున్న వంటకానికి ఇంకా చాలకపోతే లేత, దాటిపోతే ముదురు. వంటకం మారితే రెండూ తారుమారవుతాయి.

గులాబ్ జామ్ సంగతే చూడు. పాకం రెండు వేళ్ల మధ్య జిగురుగా తగిలితే చాలు, దింపేయాలి. తీగ సాగిందంటే ముదిరిపోయినట్టే, జామ్ పీల్చుకోదు. అదే తీగ పాకం బూందీ లడ్డూకి చక్కగా సరిపోతుంది. అరిసెలకి తీగ పాకం లేత. పిండి కలిపితే జారిపోతుంది, నూనెలో వేస్తే విచ్చిపోతుంది. అరిసెలకి పళ్లెంలో చన్నీళ్లు పోసుకుని అందులో పాకం చుక్క వేసి వేలితో కూడదీస్తే మెత్తటి ఉండ రావాలి. ఆ ఉండ నిలవాలి, నొక్కితే అణగాలి. ఫోనొచ్చిందని పక్కకి వెళ్లొచ్చేసరికి అది కాస్తా గట్టిపడిందా, ఆ ఏడాది పండక్కి అరిసెలు కాదు, రాళ్లే. మళ్లీ ఆ పాకాన్నే వేరుశనగ అచ్చుకి పోస్తే లేత అంటాం! అచ్చుకి, నీళ్లలో పడ్డ ఉండ తీసి పళ్లెం అంచుకి కొడితే టంగుమనాలి.

అందుకని ‘ముదురు పాకం’ అని పిల్లలకి నేర్పకు. రేపు అమ్మమ్మ “పాకం ముదిరిందే” అని తల పట్టుకుంటుంటే, వీళ్లు “వచ్చేసింది” అని సంబరపడతారు.

మనవాళ్లు పాకానికి పేర్లు పెట్టిన తీరు కూడా చూడాలి. కంటికీ వేలికీ తెలిసేదాన్ని బట్టి కొన్ని: తీగ, ఉండ. పాకం దేంట్లోకి పోతుందో దాన్ని బట్టి కొన్ని: అరిసెల పాకం, లడ్డూ పాకం, జీళ్ల పాకం. “అరిసెల పాకం వచ్చిందా?” అంటే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. ఎన్ని డిగ్రీలని ఎవరూ అడగరు.

నీ యాపిల్ పూతకి మన వైపు దగ్గర చుట్టం జీళ్లే. తిరనాళ్లలో చేసేటప్పుడు చూశావో లేదో. బెల్లం పాకం బాగా కాగాక నెయ్యి రాసిన పళ్లెంలో పోస్తారు. చెయ్యి పెట్టగలిగే వేడికి రాగానే ముద్ద చేసి, గుంజకి కొట్టిన మేకుకి తగిలించి బారుగా లాగుతారు. మడిచి మళ్లీ తగిలిస్తారు, మళ్లీ లాగుతారు. లాగినకొద్దీ లోపల గాలి చేరి ముదురు గోధుమ రంగు కాస్తా లేత బంగారు రంగుకి, ఆపైన తెలుపుకి తిరుగుతుంది. పూర్తిగా చల్లారేలోపే కత్తిరించి నువ్వుల్లో దొర్లిస్తారు. చల్లారాక పటుక్కున విరుగుతాయి, నోట్లో వేసుకుంటే మళ్లీ సాగుతాయి. (ఇవి మా గోదావరి జీడిపప్పు పాకంతో కలిపేయకండి. అది వేరు, అందులో నిజంగానే జీడిపప్పు ఉంటుంది.)

జవాబు (విజయవాడ)

జీళ్ల పాకం అని మాత్రం రాయకండి అక్కా. మా ఇంట్లో ఆ మాట రాత్రి వచ్చే సీరియల్‌కి ఖరారైపోయింది. హీరోయిన్ తలుపు తియ్యడానికి మూడు ఎపిసోడ్లు పడితే “జీళ్ల పాకంలా సాగదీస్తున్నాడు” అంటుంది అమ్మ. పిల్లలు సాగే యాపిల్ అనుకుంటారు.

జవాబు (హైదరాబాద్)

‘విరుగుడు పాకం’ ఎలా ఉంటుంది? క్రాక్ అంటే విరగడమే కదా.

జవాబు (తెనాలి)

వద్దండీ బాబూ. విరుగుడు అనగానే మందులకొట్టు గుర్తొస్తుంది. లేదంటే విరిగిన పాలల్లో తేలే నీళ్లు. రెండూ యాపిల్‌కి పనికిరావు.

జవాబు (బాపట్ల, రిటైరైన తెలుగు మాస్టారు)

రాజమండ్రి అమ్మగారు అసలు సంగతి చెప్పేశారు. నేను మాట పుట్టుపూర్వోత్తరాలకే పరిమితమవుతాను.

పాకం ‘పచ్’ ధాతువు నుంచి వచ్చింది. వండటం, పండటం రెండూ ఆ ధాతువులోనే ఉన్నాయి. పక్వం, పరిపాకం, పాకశాల, నలపాకం అన్నీ ఆ ఇంటివే. పానకం మాత్రం కాదు, అది తాగడమనే అర్థమున్న ‘పా’ ధాతువు బిడ్డ. రెంటిలోనూ బెల్లం, నీళ్లు ఉన్నాయి కాబట్టి అన్నదమ్ములనుకుంటారు. పూరిపాకకి వీటిలో దేనితోనూ చుట్టరికం లేదు.

తీగ చూసి పాకం తేల్చడం మన వంటింటి ఆచారమే కాదు, వైద్యుల ఆచారం కూడా. శార్ఙ్గధర సంహితలో లేహ్యం సరిగ్గా వచ్చిందనడానికి గుర్తులు చెప్పారు: తీగ సాగాలి, నీళ్లలో వేస్తే మునగాలి, నొక్కితే వేలిముద్ర పడాలి. పైన చెప్పిన అరిసెల పరీక్షకీ దీనికీ తేడా ఎంత?

అలంకార శాస్త్రంలో పాకాల గురించి ఎవరైనా ఎత్తుతారని చూశాను, ఎత్తలేదు. ఓరుగల్లులో కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలో ఉన్న విద్యానాథుడు తన ప్రతాపరుద్రీయంలో కవిత్వానికి ద్రాక్షాపాకం, నారికేళపాకం అని చెప్పాడు. లోపలా బయటా రసం తొణికితే ద్రాక్ష, రసం లోపల దాగి ఉంటే నారికేళం. తొక్క ఒలిస్తే చాలనిపించే కదళీపాకాన్ని మన విమర్శకులు ఈ రెంటి మధ్యా కూర్చోబెడతారు. అయితే అక్కడి పాకం పొయ్యి మీది పాకం కాదు, పండు పండటం. కాండీ యాపిల్ పైన గట్టిగా ఉంది కదా, నారికేళపాకం అందామా అని ఎవరో ఒకరు చమత్కరించే లోపే చెబుతున్నాను: కొబ్బరి పెంకు మనం తినం.

“వ్యవహారం పాకాన పడింది” అంటాం చూడండి, అక్కడ మాత్రం నాకు కనిపించేది పొయ్యి మీది గిన్నే. తీగ తగిలింది, ఇక గరిట వదిలి పక్కకి వెళ్లడానికి లేదు.

ఇక అడిగినదానికి నా ఓటు ‘పెళుసు పాకం’. వంచబోతే వంగకుండా పుటుక్కున విరిగేదాన్ని పెళుసు అంటాం. ముక్క మీద ముక్క విరిచినట్టు మాట్లాడేవాణ్ణి పెళుసుగా మాట్లాడతాడంటాం. ఈ మాటలో తప్పొప్పుల తీర్పు లేదు, వస్తువు గుణమే ఉంది. తీగ, ఉండ పక్కన నిలబెడితే ఇదీ ఆ జాతి పేరే అనిపిస్తుంది. వేలితో పరీక్షించగలిగిన పేరు.

జవాబు (డాలస్)

మాస్టారూ, పెళుసు బాగుంది. రసాయన శాస్త్రం లెక్కలో కూడా నిలుస్తుంది. పంచదార పాకంలో వేడి పెరగడమంటే నీళ్లు తగ్గడమే. ఎంత నీరు మిగిలిందో థర్మామీటర్ చెబుతుంది. తీగ పాకం 106 నుంచి 112 డిగ్రీల సెల్సియస్ మధ్య వస్తుంది. మెత్తటి ఉండ 112 నుంచి 116. ఉండ బాగా గట్టిపడేది 121 నుంచి 130. 132 నుంచి 143 మధ్య చన్నీళ్లలో వేసిన చుక్క తీగలుగా గట్టిపడుతుంది గానీ కాస్త వంగి విరుగుతుంది. 149 నుంచి 154 దగ్గరికొచ్చేసరికి నీరు నూటికి ఒక వంతు మాత్రమే మిగులుతుంది, చుక్క వంగనే వంగదు. ఆ వంగే దశని, వంగని దశని మన ఇళ్లలో విడిగా పిలవరు కాబట్టి, మీ పాఠంలో ‘పెళుసు పాకం’ పక్కన 149 అంకె కూడా వేయండి. 160 దాటితే రంగు తిరిగి కారమెల్ వాసన మొదలవుతుంది, ఎర్ర రంగు మట్టి రంగవుతుంది.

ఇంకో మాట. చల్లారాక ఆ పూత నిజంగానే గాజు లాంటిదే: అణువులు వరసగా పేరుకునే సమయం లేక ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. వరసగా పేరుకున్నాయా, పాకం పలుకు కట్టి తెల్లబడుతుంది. కాజాల మీద ఆ తెలుపు మనకి ఇష్టమే, యాపిల్ మీద అక్కర్లేదు. కార్న్ సిరప్ వేసేది అందుకే. అందులోని గ్లూకోజ్ పంచదారని వరస కట్టనివ్వదు. దొరకకపోతే చెంచాడు నిమ్మరసం. గులాబ్ జామ్ పాకంలో అమ్మలు నిమ్మ పిండేదీ ఇందుకే, పులుపు పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. పంచదార కరిగి మరగడం మొదలయ్యాక గరిటతో తిప్పకూడదు. గిన్నె అంచుల్లో అంటిన పలుకుల్ని తడి బ్రష్‌తో దించేయాలి.

జవాబు (కరీంనగర్)

పెళుసు పాకం నాకూ నచ్చింది. మా దిక్కు గాజు పెళుసు, గోరు పెళుసు అంటనే ఉంటరు, కొత్తగా నేర్పే పని లేదు. మరి వస్తువు పేరేమి పెడుతున్నరు? కాండీ యాపిలేనా?

జవాబు (విజయవాడ)

పాకం యాపిల్! పాకం గారెలు ఉండగా లేనిది.

జవాబు (రాజమండ్రి)

పాకం గారె పాకాన్ని పీల్చుకుని ఉబ్బుతుందిరా అబ్బాయ్, యాపిల్ పీల్చుకోదు, పైన పట్టుకుంటుంది. బెల్లం గవ్వల్లాగా అన్నమాట. ‘పాకం పట్టిన యాపిల్’ అంటే సరిపోతుంది. కాకపోతే పట్టాలంటే తొక్క మీద మైనం ఉండకూడదు. షాపులో కొన్న యాపిల్‌కి మెరుపు కోసం మైనం పూస్తారు, దాని మీద పాకం జారిపోతుంది, బుడగలొస్తాయి. వేడినీళ్లలో కొన్ని క్షణాలు ముంచి, గుడ్డతో గట్టిగా తుడిచి, బాగా ఆరబెట్టమను. తడి చుక్క ఉన్నచోట పాకం అంటదు.

ప్రశ్న అడిగినవారు (న్యూజెర్సీ)

అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, రాజమండ్రి అక్కా, పాఠంలో ఇలా మార్చాను, ఒకసారి చూడండి:

“పాకాన్ని తీగ పాకం, ఉండ పాకం దాటించి పెళుసు పాకం (149 డిగ్రీలు) దాకా కాచాలి. చన్నీళ్లలో చుక్క వేసి తీసి వంచి చూడు. వంగితే ఇంకా లేత. పుటుక్కున విరిగితే వచ్చినట్టే. వెంటనే పొయ్యి ఆపి, ఎర్ర రంగు కలిపి, గిన్నెను ఒక పక్కకి వంచి యాపిల్‌ని ఒక చుట్టు తిప్పి పైకెత్తు. ఎక్కువైన పాకం కారనిచ్చి, నూనె రాసిన పళ్లెంలో నిలబెట్టు. ఈ పాకం మరిగే నీళ్ల కంటే చాలా వేడి, ఒంటికి అంటుకుంటే వదలదు. పెద్దవాళ్లు పక్కన లేకుండా చేయకూడదు.”

‘లేత’ అన్న మాట ఉంచాను అక్కా. మీరు చెప్పిన అర్థంలోనే, ఈ వంటకానికి చాలలేదని.

జవాబు (రాజమండ్రి)

బాగుంది. ‘వంచి’ అని రెండు చోట్ల వచ్చింది, చుక్కని వంచడం, గిన్నెని వంచడం. రెండోచోట ‘ఒరిగించి’ అని మార్చు. తొడిమ తీసేసి అక్కడే పుల్ల గుచ్చాలని కూడా ముందు రాయి, లేకపోతే పాకం వచ్చాక పుల్లలు వెతుకుతారు.

జవాబు (బాపట్ల)

చేసిన రోజే తినేయాలని కూడా చేర్చండి. తేమ తగిలితే ఆ పూత చెమట పట్టి జిగురవుతుంది, అప్పుడు అది ఏ పాకమో చెప్పడం నా వల్ల కాదు.