క్లిప్‌లెస్ పెడల్స్ వేయించుకోవాలా, ఫ్లాట్ పెడల్సే చాలా?

రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి హైబ్రిడ్ సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్తాను, ఆదివారాలు గండిపేట వైపు. ఈసారి 200 కి.మీ. బీఆర్‌ఎం (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్) చేద్దామని ఉంది, పదమూడున్నర గంటల్లో అయిపోవాలి కదా. మొన్న వానలో ప్లాస్టిక్ పెడల్ మీద కాలు జారి, పెడల్ గిర్రున తిరిగొచ్చి మోకాలి కింద ఎముకకు తగిలింది, ఇంకా కమిలే ఉంది. షాపులో క్లిప్‌లెస్, అంటే షూ అడుగున బిగించే క్లీట్ అనే ముక్క పెడల్‌లో ఇరుక్కునే రకం, వేయించుకోమంటున్నారు. సిగ్నల్ దగ్గర కాలు ఊడి రాకపోతే ఎలా అని టెన్షన్. పోనీ టో క్లిప్పులు (పాదం ముందు భాగాన్ని స్ట్రాప్‌తో పెడల్‌కి పట్టి ఉంచేవి) పెట్టుకోనా?

జవాబు 1
టో క్లిప్పులు వద్దన్నా. స్ట్రాప్ బిగిస్తే కాలు గబుక్కున రాదు, వదులుగా ఉంచితే పెట్టి లాభం లేదు. మీ బాధ కాలు జారడమే అయితే ఇనుప పిన్నులున్న ఫ్లాట్ పెడల్స్ తీసుకోండి, అడుగు చదునుగా ఉన్న రబ్బరు సోల్ షూ వేసుకోండి. వానలో కూడా పట్టు ఉంటుంది. నేను రెండు బీఆర్‌ఎంలు వాటితోనే పూర్తి చేశాను.

జవాబు 2
ఫ్లాట్ పెడల్స్‌తో అవుతుంది, కాదనను, కానీ 120 కి.మీ. దాటి అలసిపోయాక పాదం ఎక్కడ పెట్టామో చూసుకోనక్కర్లేకపోవడం పెద్ద సుఖం అండీ. వేయించుకుంటే రెండు బోల్టుల ఎస్‌పీడీ (షిమానో కంపెనీ క్లిప్‌లెస్ రకం) వేయించుకోండి, క్లీట్ సోల్ లోపలికి ఉంటుంది కాబట్టి టీ కొట్టు దగ్గర మామూలుగా నడవచ్చు. మూడు బోల్టుల రోడ్ క్లీట్లతో నున్నటి టైల్స్ మీద జారతారు. షిమానోలో ఎస్‌హెచ్51 క్లీట్ మడమ బయటికి తిప్పితేనే ఊడుతుంది, ఎస్‌హెచ్56 అయితే వేరే వైపుల నుంచీ వస్తుంది, కొత్తలో అదే మంచిది. పెడల్ స్ప్రింగ్ స్క్రూ బాగా వదులు చేసి, గోడ పట్టుకుని రెండు కాళ్లతోనూ యాభైసార్లు పెట్టి తీయండి. నేను ఎడమ కాలు తీసి ఆగాను, సైకిల్ కుడివైపు ఒరిగింది, పక్కనే ఆటో. మోచేయి గీరుకుపోయింది. అప్పటి నుంచి సిగ్నల్ కనబడగానే, ఇంకా కదులుతుండగానే కాలు తీసేస్తున్నాను.

జవాబు 3
క్లీట్ వంకరగా బిగిస్తే మోకాలు నొప్పి పుడుతుంది, అది చూసుకోండి. ఒకవైపు ఫ్లాట్, ఒకవైపు ఎస్‌పీడీ ఉండే పెడల్స్ కూడా ఉన్నాయి, మీ రూట్‌కి అవే సరి. ట్రాఫిక్‌లో ఫ్లాట్ వైపు, ఊరు దాటాక క్లిప్.

అడిగినవారు
థాంక్యూ అందరికీ. ఇప్పటికి పిన్నుల పెడల్స్ పెట్టిస్తున్నాను, బీఆర్‌ఎంకి రెండు నెలల ముందు ఆ రెండు వైపులవి. ఎస్‌హెచ్56 పెడల్స్‌తో పాటు వస్తుందా, విడిగా కొనాలా?

జవాబు 2
పెడల్ మోడల్‌ని బట్టి ఉంటుందండీ, డబ్బా తెరిచి క్లీట్ మీద నంబరు చూడండి.