రాతిలో ఉన్నది జీవి ముద్రేనని ఎలా తేల్చుకోవాలి?

మధురవాడ టీచర్:
మేడమెట్లకని బేతంచెర్ల రాళ్లు దింపించాము. ఒక పలక మీద నాచుమొక్కను అచ్చు గుద్దినట్టు నల్లని రెమ్మలున్నాయి. శిలాజం దొరికిందన్న సంబరంతో బడికి తీసుకెళ్లి తొమ్మిదో తరగతి పిల్లల ముందు పెట్టాను. ఒక అమ్మాయి చాలాసేపు వంగి చూసి, "రెమ్మలన్నీ ఈ పగులు నుంచే మొదలయ్యాయి టీచర్. మొక్కయితే ఇలా ఎందుకుంటుంది?" అంది. జవాబు చెప్పలేకపోయాను. మరి అంగారకుడి రాళ్లలో కంటికి కనిపించని జీవుల శిలాజాలను ఎలా గుర్తుపడతారు?

సీతమ్మధార:
టీచర్ గారూ, ఆ అమ్మాయి చూడవలసిన చోటే చూసింది. అది మాంగనీస్ ఆక్సైడ్. పగులులోకి ఊరిన నీరు పొరల మధ్య పాకుతూ వదిలిపెట్టిన ఖనిజం. డెండ్రైట్ అంటాము. భూగర్భశాస్త్రం విద్యార్థులు మొట్టమొదట మోసపోయేది దీని దగ్గరే.

1984లో అంటార్కిటికాలో దొరికిన అంగారక ఉల్క ఏఎల్‌హెచ్ 84001లో పురుగుల్లాంటి ఆకారాలు కనబడ్డాయని 1996లో నాసా బృందం ప్రకటించింది. వాటిలో చాలావాటి పొడవు వంద నానోమీటర్లకు మించదు. అంత ఇరుకులో జీవకణానికి కావలసిన సరంజామా పడుతుందా అన్నది మొదటి అభ్యంతరం. 2003లో సిలికా, బేరియం లవణాలతో ప్రయోగశాలలోనే, ఏ జీవీ లేకుండా, మెలికల తీగలు పెంచి చూపించారు. అందుకే నేను ఆకారాన్ని చివరి సాక్షిగానే పిలుస్తాను. రాయి ఏ నీటిలో పుట్టింది, తరువాత ఎంత వేడెక్కింది, జీవం లేకుండా ఇదే తయారవుతుందా అన్నవి ముందు తేలాలి.

2024లో అంగారకుడి మీద తిరిగే నాసా రోవర్ పర్సెవరెన్స్, అక్కడి జెజెరో బిలం దగ్గర చిరుతపులి మచ్చల రాయిని చూసింది. అందులో సేంద్రియ కార్బన్‌తో పాటు, మచ్చల్లో ఇనుము ఫాస్ఫేట్, ఇనుము సల్ఫైడ్ ఉన్నట్టు తేలింది. భూమి మీద బురదలో సూక్ష్మజీవులు ఇలాంటివి చేస్తాయి. అయినా 2025లో వచ్చిన పరిశోధనా పత్రం 'జీవపు ఆనవాలు కావచ్చు' అన్న మాట దగ్గరే ఆగింది. నాకు ఆ నిగ్రహం ఎంతో నచ్చింది.

శృంగవరపుకోట:
పిల్లలను బొర్రా గుహలకు తీసుకెళ్లండి మేడమ్. వెలుతురు సోకని లోపలి ఊట వెంట నారింజ రంగు సూక్ష్మజీవుల చాప పరుచుకొని ఉంటుంది. తాకనివ్వకండి. అలాంటి చాపలు మట్టిని పట్టుకొని పొరలు పొరలుగా రాయైతే స్ట్రోమటోలైట్లు. కడప జిల్లా వేంపల్లె సున్నపురాళ్లలో అవి ఉన్నాయి. ఆ రాళ్లలో గుబ్బల్లా లేచిన పొర నెత్తిన మందంగా, పక్కల పలచగా ఉందేమో చూడమనండి. అది జీవుల పని కావచ్చనడానికి ఒక ఆనవాలు.

మధురవాడ టీచర్:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మేస్త్రీ కోయకముందే ఆ పలకను పక్కన పెట్టించాను. సోమవారం పాఠం ఆ అమ్మాయి మాటలతోనే మొదలుపెడతాను.